వచ్చిపోయే జబ్బు

పూర్తిగా చెడిపోయిన వస్తువంత నిజాయితీ గలది ఇంకోటి లేదు. మిక్సీ తిరగనని మొండికేసిందనుకోండి, బాగుచేసేవాడి దగ్గరికి తీసుకెళ్తాం. అక్కడా తిరగదు. అతను విప్పుతాడు, ఇంతవుతుందంటాడు, అంతెందుకంటాం, పని జరిగిపోతుంది. అసలు అవస్థంతా అప్పుడప్పుడు మాత్రమే చెడిపోయే వస్తువులతోనే. ఇంట్లో ఉన్నంతసేపూ గుర్రుమని మూలిగి, బాగుచేసేవాడి బల్లమీద పెట్టగానే పెళ్ళిచూపుల్లో కూర్చున్న పిల్లలా వినయంగా తిరుగుతాయి. "దీనికేమైందమ్మా, బాగానే ఉందిగా!" అంటూ అతను వస్తువు వంక చూడడం మానేసి మన వంక చూస్తాడు చూడండి, ఆ చూపు మీకూ అనుభవమే అయుంటుంది. చెడింది మిక్సీ కాదు, మన బుర్ర అన్నట్టుంటుంది.

ఇలాంటి వచ్చిపోయే జబ్బు 1988లో మా ఇంట్లో ఒకేసారి ఇద్దరికి పట్టుకుంది. ఒకరు మా అత్తగారు, రెండోది మా కారు.

అప్పుడు మేం విశాఖపట్నంలో, పెదవాల్తేరు దిగువన సముద్రానికి కూతవేటు దూరంలో కాపురం. సముద్రపు గాలి ఆరోగ్యమని చుట్టాలందరూ మమ్మల్ని చూసి అసూయపడేవారు. ఆ గాలికి కిటికీ ఊచలు తుప్పుపట్టడం, అప్పడాలు గుడ్డపేలికల్లా మెత్తబడడం, అగ్గిపుల్ల గీస్తే తుస్సుమనడం వాళ్ళకేం తెలుసు! ఇక కారు. ఆ రోజుల్లో మన రోడ్లమీద తిరిగే కార్ల రకాలు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని. అంబాసిడర్, పద్మిని, స్టాండర్డ్, 1983 డిసెంబరులో వచ్చిన మారుతి, ఇలాంటివే కొన్ని. మాది అందులో ఏదో చెప్పను, ఎందుకంటే జరిగినదాంట్లో దాన్ని చేసినవాళ్ళ తప్పేమీ లేదు. అప్పటికే ఇద్దరి చేతులు మారి, మూడో సంబంధంగా మా ఇంటికొచ్చిన బండి అది.

ఆ ఏడు జూలైలో దానికి ఎక్కిళ్ళు మొదలయ్యాయి. పొద్దున్నే బయల్దేరి సిరిపురం వైపు ఎత్తు ఎక్కుతుంటే ఉన్నట్టుండి ఓ కుదుపు, ఆగి ఇంకో కుదుపు. ముందుసీట్లో నా తల ముందుకీ వెనక్కీ ఊగేది. "ఎవరో తలుచుకుంటున్నారేమోరా దీన్ని!" అనేవారు వెనకసీట్లోంచి మా అత్తగారు. "ఎవరో కాదమ్మా, దీన్ని మనకమ్మినవాడే, నవ్వుకుంటూ," అనేవారు మావారు పళ్ళ బిగువున.

షెడ్లలో దీన్ని 'మిస్సింగ్' అంటారు. ఆ మాటకర్థం నాకు తెలిసిన భాషలో చెప్తాను. చిన్నప్పుడు మా అమ్మమ్మగారి ఊళ్ళో ఒకే రోటి చుట్టూ ముగ్గురు నలుగురు ఆడవాళ్ళు నిలబడి రోకళ్ళతో వడ్లు దంపేవారు. ఒకరి రోకలి లేస్తుంటే ఇంకొకరిది పడాలి. వరస తప్పకుండా పోట్లు పడుతుంటే వింటానికి తాళం వేసినట్టుండేది. ఒకావిడ ఒక్క పోటు తప్పిందా, పక్కావిడ తడబడేది, రోలు కదిలేది, తాళం చెడేది. మామూలు కారు ఇంజనులో కూడా నాలుగు సిలిండర్లుంటాయి. పెట్రోలూ గాలీ కలిసిన మిశ్రమాన్ని ఒక్కోటీ తన వంతులో నొక్కిపట్టగానే, ప్లగ్గు దగ్గర చిన్న మెరుపు మెరిసి అది భగ్గుమంటుంది, పిస్టన్ కిందికి పోటు వేస్తుంది. మొదట ఒకటోది, తర్వాత మూడోది, ఆపైన నాలుగోది, చివర రెండోది. చాలా కార్లలో ఇదే వరస. ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే ఆ నిమిషంలో 6,000 మెరుపులు మెరవాలి, అంటే సెకనుకి నూరు. వాటిలో కొన్ని మెరవకపోతే ఆ రోకలి పోటు తప్పినట్టే. అదే మిస్సింగ్.

మెరుపు ఎందుకు మెరవలేదన్నదే ప్రశ్న. దానికి మా వీధిలో ఎన్ని ఇళ్ళున్నాయో అన్ని సమాధానాలుండేవి. పెట్రోల్లో కిరసనాయిలు కలిపేస్తున్నారని మావారి సిద్ధాంతం. రోజూ సాయంత్రం పెట్రోలు సీసాలో పట్టి దీపానికెదురుగా పెట్టి చూసేవారు, ఏం కనబడేదో మరి. ఎదురింటాయన, "కార్బొరేటర్లో నలక" అన్నారు. పక్కింటాయన బండిని ఒక్కసారి కూడా చూడకుండానే, "అమ్మెయ్యండి" అన్నారు.

షెడ్డుకి తీసుకెళ్ళాం. తొమ్మిదింటికి కదా తెరుస్తారు! అప్పటికి ఎండొచ్చి, బండి అంతదూరం నడిచి వేడెక్కి, మిస్సింగ్ మాట దేవుడెరుగు, వీణ వాయించినట్టు వినబడేది. కుర్రమెకానిక్కు రెండుసార్లు రేస్ చేసి, "బంగారంలా ఉంది సార్" అన్నాడు. అయినా వచ్చినవాళ్ళని ఊరికే పంపించడం దేనికని నాలుగు ప్లగ్గులూ మార్చాడు. మూడురోజులు హాయిగా నడిచింది. నాలుగోరోజు ఎక్కిళ్ళు. ఈసారి పాయింట్లు, కండెన్సరు మార్చాడు. వారం నడిచింది. మళ్ళీ ఎక్కిళ్ళు. కార్బొరేటరు విప్పి జెట్లు ఊది బిగించాడు. నాలుగురోజులు. ప్రతిసారీ మావారు, "ఇదిగో, జబ్బు దొరికింది" అని ఇంటికొచ్చి కాఫీ అడిగేవారు. ప్రతిసారీ ఆ కాఫీ అరగకముందే జబ్బు తిరిగొచ్చేది.

వచ్చిపోయే జబ్బులో ఉన్న మాయ ఇదే. దానంతటదే పోయే జబ్బుకి ఏ మందు వేసినా పనిచేసినట్టే ఉంటుంది. జలుబుకి మందేస్తే వారంలో తగ్గుతుంది, వెయ్యకపోతే ఏడురోజులు పడుతుందంటారే, అలాగన్నమాట. కొత్త ప్లగ్గులు వేసిన మూడురోజులూ ఎండకాసింది. ఆ ఘనత ఎండది, ప్లగ్గులది కాదు. డబ్బులు మాత్రం ప్లగ్గులకే ఇచ్చాం.

కారు ఒక్కటే అయితే ఇదంతా నవ్వుకునే వ్యవహారమే. ఆ ఆగస్టులోనే మా అత్తగారికి దడ మొదలైంది. ఆవిడకప్పుడు అరవైయెనిమిదేళ్ళు. తెల్లవారుజామున లేచి కూర్చునేవారు. "గుండెల్లో పిచ్చుక కొట్టుకుంటున్నట్టుందే అమ్మాయ్," అనేవారు. చెయ్యి పట్టుకు చూస్తే నాడి ఓసారి గబగబా, ఓసారి ఆగి, ఓసారి ఉందో లేదో అన్నట్టు కొట్టుకునేది. గంటా, గంటన్నర అయ్యేసరికి ఎలా వచ్చిందో అలాగే పోయేది. పది గంటలకి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే నాడి సరిగ్గా ఉండేది, ఈసీజీ నార్మల్, రక్తపోటు కూడా ఫరవాలేదు. "వయసొచ్చింది కదండీ, దానికి తోడు కాస్త బెంగ మనిషి," అన్నారాయన మావారితో. అత్తగారు ఆయన ముందు ఏమీ అనలేదు. రిక్షా ఎక్కాక, "ఏమే, వయసు తెల్లారగట్ల వచ్చి పదింటికి పోతుందటే?" అన్నారు నాతో.

నాకు నవ్వొచ్చింది గానీ ఆవిడ నవ్వలేదు. తనకి చచ్చేంత భయంగా ఉన్న సంగతి ఎదుటివాళ్ళు నమ్మకపోతే ఆ భయం రెట్టింపవుతుంది. మనకీ తెలుసుగా! నొప్పొచ్చి, పనంతా చేసుకుని, నొప్పి తగ్గాక తీరిగ్గా చూపించుకునేది మన జాతే కదా!

ఇంకో డాక్టరుకి చూపించాం. ఆయన కాస్త ఓపికమంతుడు. ఆవిడ చెప్పింది పూర్తిగా విని, "ఇది దడ వచ్చినప్పుడు చూడవలసిన జబ్బమ్మా. తగ్గాక చూస్తే ఏమీ కనబడదు. వచ్చిన క్షణాన తీసుకొచ్చెయ్యండి, అర్ధరాత్రయినా సరే, ఈసీజీ తీస్తాను," అన్నారు.

బాగానే ఉంది. ఆవిడకి దడొచ్చేది తెల్లవారుజామున, కారుకి ఎక్కిళ్ళొచ్చేదీ తెల్లవారుజామునే. ఆ వేళకి మా వీధిలో రిక్షా దొరకదు, ఆటో అసలే దొరకదు. డాక్టరు ఉండేది ఎత్తు ఎక్కి దిగితే గానీ రాని చోట. సెప్టెంబరులో ఓనాడు నాలుగింటికి దడొస్తే ఆవిడని కార్లో కూర్చోబెట్టి బయల్దేరాం. సగం ఎత్తులో బండి నాలుగు ఎక్కిళ్ళు ఎక్కి ఆగిపోయింది. జల్లు పడుతోంది. మావారు స్టార్టరు నొక్కుతూనే ఉన్నారు. నేను వెనకసీట్లో ఆవిడ చెయ్యి పట్టుకుని నాడి లెక్కపెడుతూ కూర్చున్నాను. ముందు ఇంజనూ, వెనక గుండే, రెండూ తాళం తప్పి కొట్టుకుంటున్నాయి. మేం డాక్టరు దగ్గరికి చేరేసరికి ఆరున్నర అయింది, ఆవిడ గుండె సర్దుకుంది, ఈసీజీ మళ్ళీ నార్మల్.

ఆ రోజే నిశ్చయించుకున్నాను, ఈ సంగతేదో తేలాలి అని. నాకు తెలిసిన యంత్రశాస్త్రం కుట్టుమిషను దాకానే. అయితే ఇంట్లో లెక్క రాయడం ఎలాగో తెలుసు. వంటింటి గోడమీద క్యాలెండర్లో పాలు రాని రోజుకి సున్నా, గ్యాసు వచ్చిన తేదీ, చాకలి పద్దు అన్నీ నావే. అందులోనే ఇంకో రెండు గుర్తులు చేర్చాను. కారు ఎక్కిళ్ళు పెట్టిన రోజు 'మి', అత్తగారికి దడొచ్చిన రోజు 'గు'. పక్కన వేళ, ఎంతసేపుంది, ఎక్కడుండగా వచ్చింది అని పెన్సిలుతో చిన్న అక్షరాల్లో. మావారు చూసి, "నువ్విలా జాతకాలు రాస్తే బండి బాగవుతుందా?" అన్నారు. నేను మాట్లాడలేదు. ఆయన సీసాలో పెట్రోలు నేను చూస్తూ ఊరుకోలేదూ!

మూడువారాలు తిరిగేసరికి 'గు' అక్షరాల్లో ఒకటే తేలింది, అన్నీ రెండున్నరకీ ఐదుకీ మధ్య. 'మి' సంగతి మాత్రం ఇంకా బాగా తేలింది. అన్నీ పొద్దుటివే, లేకపోతే వానరోజువి. ఎత్తు ఎక్కేటప్పుడు ఎక్కువ, పల్లంలో తక్కువ. అరగంట నడిచాక ఒక్కటీ లేదు. బండి కడిగిన రోజు ఎండకాస్తున్నా వచ్చింది. అన్నిటికంటే చిత్రమేమిటంటే, పక్కనే నేను వంటింటి పద్దు కింద రాసుకున్న ఇంకో మాట ప్రతి 'మి' పక్కనా ఉంది. 'ఉప్పు నీరుకారింది' అని. కల్లుప్పు గాలిలో చెమ్మ ఎక్కువైతే జాడీలోనే కరిగి కారుతుంది కదా! ఏ రోజు పొద్దున్న జాడీ అడుగున నీళ్ళు చేరాయో ఆ రోజల్లా కారుకి ఎక్కిళ్ళు. ఉప్పు పొడిగా ఉన్న రోజున కారూ బుద్ధిగా ఉంది.

మావారి ఆఫీసులో ఎవరో, పూర్వం టాక్సీలు బాగుచేసిన ముసలి మేస్త్రీ ఒకాయన ఉన్నాడని చెప్పారు. ఆయన మా ఇంటికొచ్చి బానెట్టు ఎత్తకుండా వాకిట్లో అరుగుమీద కూర్చున్నాడు. "ఎప్పుడొస్తాదమ్మా ఇది?" అన్నాడు.

రెండునెలల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయనే. నేను లోపలికెళ్ళి క్యాలెండరు మేకు నుంచి తీసుకొచ్చి చేతిలో పెట్టాను. ఆయనకి చదువు రాదట, నేను చదివి వినిపించాను. ఉప్పు సంగతి దగ్గర తలెత్తి, "మరింకేటమ్మా, రోగం మీరే సెప్పీసినారు. ఇది పెట్రోలు జబ్బు కాదు, కరెంటు జబ్బు. సెమ్మకి కరెంటు దారి తప్పుతోంది. ఎండలో నేను సూస్తే కనపడదు. ఆదివారం తెల్లారకముందే వస్తాను," అన్నాడు.

అక్టోబరు మొదటివారాల్లో ఓ ఆదివారం. టీవీలో మహాభారతం అప్పుడే కొత్తగా మొదలైంది. అది వచ్చే వేళకి ఊరు ఊరంతా తలుపులేసుకునేది. అంతకు ఎంతోముందే, చీకటుండగా మేస్త్రీ వచ్చాడు. వాకిట్లో దీపం ఆర్పెయ్యమన్నాడు. ఇంజను స్టార్ట్ చేసి బానెట్టు ఎత్తి, ఓ చెంబుతో నీళ్ళడిగాడు. ఇస్త్రీ చేసే బట్టలమీద చిలకరించినట్టు వేళ్ళతో ఇన్ని నీళ్ళు చిలకరించాడు. అంతే! దీపావళి ఇంకా నెలుండగానే మా బానెట్టు కింద వచ్చేసింది. సన్నటి నీలం దారాలు చిటచిటమంటూ ఓ నల్లటి మూత మీదుగా పాకాయి. వెంటనే ఇంజను ఎక్కిళ్ళు పెట్టింది. మావారు, "అబ్బ!" అన్నారు. మేస్త్రీ పొడిగుడ్డ చుట్టిన పటకారుతో అక్కడి తీగెలు ఒక్కోటీ లాగి చూపించాడు. ఒకటో తీగె లాగితే ఇంజను శబ్దం ఇంకా కుంటుబడింది, పెడితే కాస్త కోలుకుంది. రెండోదీ, నాలుగోదీ అంతే. మూడోది లాగితే ఏ మార్పూ లేదు. పనిచేస్తున్నదాన్ని లాగితేనే కదా తేడా తెలిసేది! మన ఇళ్ళల్లోనూ ఇంతే, పనంతా ఎవరు చేస్తున్నారో తెలియాలంటే వాళ్ళు రెండ్రోజులు పుట్టింటికెళ్ళాలి.

ఇక్కడో మాట. ఇది మీరు చెయ్యడానికి రాయడం లేదు. ఆ తీగెల్లో కరెంటు చేతికి తగిలితే విసిరికొడుతుంది. ఇప్పటి కార్లలో అలా లాగితే లోపలున్న ఖరీదైన భాగాలు పాడవుతాయి కూడా.

ఇంజను ఆపి ఆ నల్లమూత విప్పాడు. దాన్ని డిస్ట్రిబ్యూటర్ క్యాప్ అంటారు. బ్యాటరీ ఇచ్చేది 12 ఓల్టులే. కాయిల్ అనే డబ్బా దాన్ని 15,000, 20,000 ఓల్టులకి పెంచి ఈ మూత నడినెత్తిన అందిస్తుంది. లోపల రోటర్ అనే చిన్న ముక్క గిరగిర తిరుగుతూ, పంక్తిలో వడ్డించినట్టు నాలుగు ప్లగ్గులకీ వరసగా ఆ కరెంటు పంచుతుంది. మా మూతకి లోపల మూడో గూటి నుంచి అంచుదాకా వెంట్రుకవాసి పగులు, దానిమీద పెన్సిలుతో గీసినట్టు నల్లటి గీత. కరెంటు ఒకసారి ఆ పగుల్లోంచి దాటితే అక్కడ మసి పడుతుంది, మసిలోంచి కరెంటు మరింత సులువుగా పోతుంది, ఇంకా మసి పడుతుంది. నలుగురు నడిస్తే పొలం గట్టుమీద బాట పడినట్టే. పొడిగా ఉన్నప్పుడు కరెంటు సరైన దారినే వెళ్ళేది. చెమ్మ తగలగానే పగుల్లోంచి జారుకునేది. ఎత్తు ఎక్కేటప్పుడు సిలిండర్లో ఒత్తిడి పెరిగి ప్లగ్గు దగ్గర మెరవడం కష్టమవుతుంది కనక అప్పుడు మరీ జారుకునేది. ఇంజను వేడెక్కితే మూత ఆరిపోయేది, జబ్బు మాయం. షెడ్డువాడికి ఎప్పుడూ ఆరిపోయిన మూతే కనబడింది, పాపం అతన్నని ఏం లాభం!

కొత్త మూత, మూడో తీగె మార్చడానికైన ఖర్చు మేం అనవసరంగా మార్చిన నాలుగు ప్లగ్గుల ఖర్చు కంటే తక్కువే. మేస్త్రీ బిగించాక మళ్ళీ నీళ్ళు చిలకరించాడు. నీలం దారాలు లేవు, ఇంజను తాళం తప్పలేదు. మావారు జేబులో చెయ్యి పెట్టబోతుంటే, "ఉండండి బాబూ, వాన రావాల. వానలో నడిస్తేనే బాగైనట్టు," అని డబ్బులు తీసుకోకుండానే వెళ్ళిపోయాడు. వచ్చిపోయే జబ్బు తగ్గిందని చెప్పాలంటే అది వచ్చే కాలం వచ్చి, జబ్బు రాకుండా ఉండాలి. ఆ నెలలో ఉప్పు మూడుసార్లు నీరుకారింది. క్యాలెండర్లో ఒక్క 'మి' కూడా పడలేదు. మావారు వెళ్ళి మేస్త్రీకి డబ్బులూ, ఓ పంచెల చాపూ ఇచ్చొచ్చారు.

నవంబరు చివర, కార్తీకమాసం. మూడున్నరకి అత్తగారు లేచి స్నానం చేసి తులసికోట దగ్గర దీపం వెలిగిస్తూ అలాగే గోడకి చేరగిలబడ్డారు. చెయ్యి పట్టుకు చూశాను, పిచ్చుక కొట్టుకుంటోంది. బయట మంచుకి కారు అద్దాలు చెమర్చి బొట్లు బొట్లుగా కారుతున్నాయి. ఉప్పుజాడీ చూడక్కర్లేదు. మావారు తాళంచెవి తిప్పారు. బండి ఒక్క పిలుపుకి పలికింది. సిరిపురం ఎత్తు మొదలవగానే నేను ఊపిరి బిగబట్టాను, మావారి మెడనరాలు బిగుసుకున్నాయి. ఒక్క ఎక్కిలి లేదు. డాక్టరుగారి ఇంటి గంట కొట్టేసరికి నాలుగైనా కాలేదు. ఆయన నిద్రకళ్ళతోనే ఈసీజీ తీశారు. ఆ కాగితం ఇప్పటికీ నా కళ్ళకి కట్టినట్టుంది. గీతలు ఒకదానికొకటి పొంతన లేకుండా, వరస తప్పిన రోకలిపోట్లలా ఉన్నాయి.

"దొరికింది," అన్నారాయన. గుండె పైగదులు లయ తప్పి అల్లల్లాడుతున్నాయట. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారట. అలా అల్లల్లాడేటప్పుడు లోపల రక్తం నిలవుండి గడ్డకట్టవచ్చు, ఆ గడ్డ మెదడుకి చేరితే పక్షవాతం రావచ్చు. బెంగమనిషి జబ్బు కాదన్నమాట. అప్పుడే మందు మొదలుపెట్టారు. తర్వాత దడ అరుదైపోయింది. అత్తగారు ఇంకా పదకొండేళ్ళున్నారు, తన కాళ్ళమీద తిరుగుతూ, మా అమ్మాయి పెళ్ళి చూసి మరీ వెళ్ళారు. ఆవేళ తిరిగొచ్చేటప్పుడు ఆ ఈసీజీ కాగితం మడిచి కొంగున ముడేసుకుని, "చూశావుటే, నేను అబద్ధం చెప్పలేదు," అన్నారు. ఆవిడకి మందుకంటే ముందు ఆ కాగితమే పనిచేసిందని నా నమ్మకం.

ఇంజన్ల గొడవ ఆడవాళ్ళకెందుకనే వాళ్ళు కొందరుంటారు. వాళ్ళకి ఓ సంగతి చెప్పండి. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఇల్లాలు, మోటారుబండి కనిపెట్టిన తన భర్తకి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మన్‌హైమ్ నుంచి ఫోర్జైమ్‌లోని పుట్టింటికి ఆ బండిలోనే నూరు కిలోమీటర్లకు పైగా వెళ్ళింది. అంత దూరం కారులో వెళ్ళడం లోకంలో అదే మొదలు. దారిలో ఇంధనం గొట్టంలో నలక అడ్డుపడితే టోపీకి పెట్టుకునే పొడుగాటి సూదితో పొడిచి తీసిందట. మెరుపునిచ్చే తీగె ఒరుసుకుపోతే తన మేజోళ్ళ పట్టీ చుట్టి బాగుచేసిందట. కరెంటు దారి తప్పకుండా కట్టుకట్టడమే కదా అది! మా మూత జబ్బు నూరేళ్ళ క్రితమే ఒక ఆడమనిషి చేతిలో నయమైందన్నమాట.

ఇప్పటి పెట్రోలు కార్లలో ఆ మూతా లేదు, పాయింట్లూ లేవు, చాలావాటిలో ప్రతి ప్లగ్గుకీ నెత్తిన ఓ సొంత కాయిల్. ఇంజను తిరుగుడులో పోట్లు తగ్గుతుంటే కంప్యూటరు కనిపెట్టి లెక్కపెడుతుంది, అవి ఎక్కువైతే ఎదుట ఇంజను బొమ్మ దీపం వెలిగిస్తుంది. ఆ దీపం ఊరికే వెలిగితే త్వరలో చూపించమని. ఆగి ఆగి వెలుగుతుంటే మాత్రం బండిని తొందరపెట్టకూడదు. కాలకుండా పోయిన పెట్రోలు పొగగొట్టంలోని కన్వర్టరులో మండి దాన్ని మాడ్చేస్తుంది, దాని ఖరీదు వింటే మనకి దడొస్తుంది. షెడ్డులో స్కానర్ తగిలిస్తే పి 0302 అనో, 0303 అనో వస్తుంది. చివరి అంకె ఏ సిలిండరో చెబుతుంది. ఎందుకో మాత్రం చెప్పదు. కాయిలా, ప్లగ్గా, పెట్రోలు చిమ్మే ఇంజెక్టరా అన్నది మనిషే తేల్చాలి. తెలిసిన మెకానిక్కు అన్నీ ఒక్కసారి మార్చెయ్యడు. రెండో కాయిల్ని మూడోదానిమీదా, మూడోదాన్ని రెండోదానిమీదా పెట్టి చూస్తాడు. తప్పు కూడా దానితో పాటు 0303కి మారితే కాయిల్‌దే దోషం. కాపురం వేరే ఊరికి మార్చినా తగువు వెంటవస్తే అది ఊరి దోషం కాదు కదా!

ఆ కంప్యూటరు ఇంకో పని కూడా చేస్తుంది. తప్పు జరిగిన క్షణంలో బండి ఎంత వేగంతో ఉంది, ఇంజను ఎంత వేడిగా ఉంది అన్నది రాసిపెట్టుకుంటుంది. గుండెకీ అలాంటిదే ఉంది, ఇరవైనాలుగు గంటలూ ఒంటిమీదుండి గుండెలయ రాసుకునే హోల్టర్ అనే పెట్టె. అంటే యంత్రాలు కూడా గోడమీద క్యాలెండరు పెట్టుకున్నాయన్నమాట. అయితే ఆ రోజు వాన పడిందో లేదో, బండి కడిగారో లేదో, ఉప్పు నీరుకారిందో లేదో వాటికి తెలియదు. అది మనమే చెప్పాలి.

అందుకని బండి షెడ్డుకి వెళ్ళేటప్పుడు, "ఏదో చప్పుడొస్తోందట, చూడు" అని తాళంచెవి ఇచ్చి రావడం కాదు. చల్లగా ఉండగానా, వేడెక్కాకా? ఎత్తు ఎక్కేటప్పుడా, నిలబడి ఉండగానా? వానలోనా, పెట్రోలు పోయించాకా? ఎంతసేపు? ఈ నాలుగూ ఓ కాగితం మీద రాసివ్వండి. ఒక్కో భాగమే మార్చమనండి, మార్చాక ఆ జబ్బు వచ్చే వేళదాకా ఆగి చూడండి. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడూ అంతే. మీకో, మీ అత్తగారికో, పనిమనిషికో వచ్చిపోయే నొప్పి ఏదున్నా, వచ్చిన ప్రతిసారీ క్యాలెండర్లో ఓ చుక్క పెట్టి పక్కన వేళ రాయండి. ఒక్క చుక్కని చూసి ఎవరూ నమ్మకపోవచ్చు. చుక్కలన్నీ కలిపితే ముగ్గవుతుందన్న సంగతి మాత్రం మనకెవరూ నేర్పనక్కర్లేదు.